పల్లికాయల మధ్య దయ్యాలు

దయ్యాల సినిమా ఒంటరిగా చూసేవాళ్ళు మహా ధైర్యవంతులని లోకం అనుకుంటుంది. నన్నడిగితే, చూడటానికేం, కళ్ళు మూసుకుంటే సరిపోతుంది. అసలు ధైర్యం కావలసింది చూసొచ్చినవాళ్ళు కథ చెబుతుంటే వినడానికి. సినిమాలో దయ్యం రెండున్నర గంటల్లో తన దారిన తాను పోతుంది. మా ఆడబిడ్డ నోట్లో పడిన దయ్యం మటుకు అర్ధరాత్రి దాటినా పోదు. మధ్యమధ్య మనకేసి కళ్ళు తిప్పి చూస్తుంది కూడా.

మా అత్తగారి ఊరు బల్మూరు. హైదరాబాదు నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుని, హాజీపూర్ దగ్గర అచ్చంపేటకు తిరిగి, అక్కణ్ణుంచి ఇంకాస్త పోవాలి. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా. జిల్లా మారినా పల్లిచేలు అవే, దూరాన నల్లమల కొండలూ అవే. కిందటి దసరా సెలవులకు వెళ్ళేసరికి ఇంట్లో ఆడవాళ్ళంతా వసారాలో గోనెపట్టాలు పరుచుకుని విత్తనానికి పల్లికాయ ఒలుస్తున్నారు. (మా అత్తమ్మ బుడ్డలంటుంది. ఆ మాటే బాగుంటుంది.) మిషను ఉంది కదా అంటే, దాంట్లో పప్పు పగులుతుంది, పగిలిన పప్పు మొలవదు, కూర్చో అన్నారు. కూర్చున్నాను. పావుగంటలో నా బొటనవేలు కందిపోయింది. పేజీలు పేజీలు రాసే చేయి కదా, ఓర్చుకుంటుందనుకున్నాను. కలానికీ కాయకూ సంబంధం లేదని తెలిసింది.

చేతులకు పనుంది కాబట్టి నోళ్ళకు ఖాళీ. సంగతేమిటంటారా? దయ్యాల సినిమాలే! ఆ ఇంట్లో అందరూ వాటికి వీరాభిమానులని నాకు పెళ్ళయిన ఇన్నేళ్ళకు తెలిసింది.

మా తోడికోడలిది గద్వాల. అంచేత ‘అరుంధతి’ మీద సర్వహక్కులూ తనవేనని ఆవిడ నమ్మకం. 2009 సంక్రాంతికి వచ్చిన సినిమా, అయినా ఆవిడకు నిన్న చూసినట్టే.

“మా జేజెమ్మ ముందర ఇవన్నీ ఏమున్నయక్కా? గద్వాల సంస్థానం కత గది” అంది.

“మరి ఆ కోట గద్వాలది కాదు కదా. బనగానపల్లె దగ్గర నవాబు బంగళా అట” అన్నాను, తెలిసింది చెప్పకుండా ఉండలేని జబ్బుతో.

ఆవిడ ముఖం చిన్నబోయింది. నిజానికి వాళ్ళ కోటలో దయ్యాలకు చోటెక్కడ? చెన్నకేశవస్వామి గుడి ఉంది, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట కాలేజీ ఉంది. పరీక్షలొచ్చే చోట పశుపతి మాత్రం ఎన్నాళ్ళుంటాడు? కోటను దాటి చర్చ ఇంకో దారి పట్టింది. జేజెమ్మ తన ఎముకలతోనే ఆయుధం చేయించుకుని, మళ్ళీ పుట్టి పగ తీర్చుకోవడం సబబేనా అని. “సచ్చినంక గూడ ఆడదానికి పనేనా!” అని మా అత్తమ్మ తేల్చేసింది. ఏ విమర్శకుడూ ఆ ముక్క రాయగా నేను చూడలేదు.

మా ఆడబిడ్డకు ‘మసూద’ ఇష్టం. 2022లో వచ్చింది. “మూడు దినాలు రాత్రిపూట పెరట్లకు మా ఆయనను లేపుకొని పోయిన వదినా” అని గొప్పగా చెప్పింది. దయ్యం కంటే ఆ తల్లి నచ్చిందట. భర్త హింస భరించలేక బయటికొచ్చి, టీచరు ఉద్యోగం చేసుకుంటూ బిడ్డను పెంచుకునే మనిషి. “ఎన్ని గోసలు పడ్డా బిడ్డను ఇడ్సిపెట్టలే సూడు” అంటూ కళ్ళు తుడుచుకుంది. పల్లి దుమ్ము పడిందేమో అని నేనూ తుడుచుకున్నాను.

నా వంతు వచ్చింది. నా తరానికి దయ్యమంటే రామ్‌గోపాల్‌వర్మే. 1992లో ‘రాత్రి’, 1996లో ‘దెయ్యం’. ‘రాత్రి’లో రేవతిని చూసిన తర్వాత చాలాకాలం పిల్లి ఎదురొస్తే నేనే పక్కకు తప్పుకునేదాన్ని. అంతకు ముందు తరానికి సినిమా కూడా అక్కర్లేకపోయింది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసీదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చే రోజుల్లో మా అమ్మ, గడప దగ్గర నిమ్మకాయ కనిపిస్తే చీపురుతో నెట్టేదే గానీ చేత్తో ముట్టేది కాదట. పులిహోరకు నిమ్మకాయ కొనేది మాత్రం మానలేదట. భయానికీ వంటకూ వేర్వేరు లెక్కలు.

మా తోడికోడలి కూతురు అచ్చంపేటలో డిగ్రీ చదువుతోంది. దానికి మా ముచ్చట్లన్నీ పాతచింతకాయ పచ్చడి. “మీరు ‘విరూపాక్ష’ సూడుర్రి” అంటూ ఫోను తెచ్చి నీళ్ళచెంబుకు ఆనించి పెట్టింది. 2023లో వచ్చిన సినిమా. రుద్రవనం అనే ఊరు. 1979లో మొదలవుతుంది. ఊళ్ళో పిల్లలు చనిపోతుంటారు. ఒక జంట చేతబడి చేస్తోందని ఊరంతా కూడి, ఆ ఇద్దరినీ బతికుండగానే కాల్చేస్తారు. అసలు కథ ఆ తర్వాత. మా వాళ్ళకు మొదలే చాలింది. కాయలు వదిలేసి ఒకరి భుజాలొకరు పట్టుకున్నారు.

మాతో కూర్చుని ఒలుస్తున్నవాళ్ళలో పక్కింటి అవ్వ ఒకామె ఉంది. డెబ్బయి దాటి ఉంటాయి. అందరికంటే వేగంగా ఒలిచేది ఆమే. అంతసేపూ ఒక్క మాటా అనలేదు. ఆ మంటలు చూశాక ఆమె చేతులు ఆగిపోయాయి.

“గింతమందిల ఒక్కడన్న ఆగుర్రి అన్లేదు” అంది.

“అవ్వా, వాళ్ళు నిజంగనే చేతబడి చేసిన్రు. ముందుకు పోతే సూపిస్తడు” అంది పిల్ల.

“సినిమాల చేసిన్రేమో బిడ్డా. మా అత్త చెయ్యలే.”

ఫోను దానంతటది నడుస్తూనే ఉంది. ఎవరో చెయ్యి చాపి ఆపారు.

అవ్వను ఇచ్చింది వేరే ఊరికి. ఆ ఊరి పేరు ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. పెనిమిటి మేస్త్రీ వెంట బొంబాయికి పనికి పోయాడు. పాలమూరు మగవాళ్ళు ఆ రోజుల్లో పోయినట్టే. ఇంట్లో అత్తా, కడుపుతో ఉన్న కోడలూ. ఎదురింటి పసివాడికి వాంతులూ విరేచనాలూ పట్టుకుని రెండు రోజుల్లో పోయాడు. ఆ ముందురోజు అత్త వాణ్ణి ఎత్తుకుని ముద్దాడిందని ఎవరికో గుర్తొచ్చింది. బాణామతి అన్నారు. ఈ మాట విననివాళ్ళు తెలంగాణ పల్లెల్లో ఉండరు. ఆడవాళ్ళు ఉన్నట్టుండి పడిపోవడం, అరవడం, కొట్టుకోవడం, ఎవరో చేశారని ఎవరి పేరో చెప్పడం. ఆ పేరు ఎప్పుడూ దిక్కులేనివాళ్ళదే.

“రాయితోని ముందలి పండ్లు కొట్టిన్రు. పండ్లు లేకుంటే మంత్రం నోట్లకెల్లి సక్కగ రాదంట.”

పళ్ళు ఎందుకు రాలగొడతారో నేనూ ఎప్పుడో పేపర్లో చదివాను. చదవడం వేరు. ఆమె చెబుతూ తన పెదవి మీద వేలు పెట్టుకుని చూపించింది, ఇక్కడ, ఇక్కడ అని.

ఆ రాత్రే అత్తను తీసుకుని నడిచి తల్లిగారింటికి, బల్మూరుకు వచ్చేసింది. మళ్ళీ ఆ ఊరి ముఖం చూడలేదు. పెనిమిటి బొంబాయి నుంచి ఇక్కడికే వచ్చాడు. అత్త ఇంకా పదకొండేళ్ళు బతికింది. “గటకల సల్ల పోసి మెత్తగ పిసికి పెడుతుంటి. పసిపిల్ల తిన్నట్టు తింటుండె.”

అత్తకు కోడలు చేసే సేవ గురించి మా పత్రికల్లో వందల కథలొచ్చాయి. వాటిలో నావీ ఉన్నాయి. అయిదో నెల కడుపుతో, నెత్తురోడుతున్న అత్తను నడిపించుకుంటూ పుట్టింటికి తెచ్చిన కోడలు నాకెప్పుడూ తట్టలేదు.

తట్టింది వేరే. ఇక్కడే అసలు సంగతి చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో ఎవరో నాకు గుసగుసగా చెప్పారు: ఆ ఇంటి సల్ల తాగకు, ఆ ఇంట్లో ఒకప్పుడు ఒక బోసినోటి ముసల్ది ఉండేది, దానికి మంత్రాలొచ్చు అని. నేను బి.ఏ. చదివినదాన్ని, నమ్మలేదు. నమ్మలేదు గానీ తాగనూ లేదు. ఆ తర్వాత నా రెండో నవలకు ఒక మంత్రగత్తె కావలసి వస్తే, ఎక్కడికీ వెతుక్కుంటూ పోకుండా ఆమెను తెచ్చి పెట్టుకున్నాను. పళ్ళు లేని నోటితో గొణుగుతూ పసివాళ్ళను ముద్దాడే ముసలమ్మ. పాఠకులు వణికిపోయామని ఉత్తరాలు రాశారు. నేను మురిసిపోయాను.

ఆ మాట అక్కడ ఎత్తకపోతే బాగుండేది. కానీ చదువుకున్న పిల్లలు ఊరుకుంటారా?

“పెద్దమ్మా, నీ నవలల గూడ పండ్లు లేని ముసలమ్మ ఉంటది గద?”

అవ్వ నా వైపు చూసింది. ఆమెకు చదువు రాదు.

“ఏం రాసినవు బిడ్డా?”

“ఏదో కథ అవ్వా” అన్నాను.

“కతల ఆమెను ఏం జేసిన్రు?”

నా నవల ఇరవై ఎనిమిదో ప్రకరణంలో ఊరివాళ్ళు ఆమెను తరిమేస్తారు. ఆ తర్వాత ఊళ్ళో వానలు పడతాయి. ఆ సంగతి చెప్పలేదు. “గుర్తు లేదవ్వా” అన్నాను. నలభై దాటిన మనిషిని, అంత చేతకాని అబద్ధం ఎప్పుడూ ఆడలేదు. ఆమె ఇంకేమీ అడగకుండా మళ్ళీ కాయలందుకుంది.

మహారాష్ట్రలో 2013లో, కర్ణాటకలో 2017లో ఇలాంటి ఆగడాల మీద చట్టాలు తెచ్చారు. దేశం మొత్తం మీద హత్యలకు కారణాలు రాసే ప్రభుత్వ పట్టికలో మంత్రగత్తె నెపానికి ఒక గడి విడిగా ఉంది. అంటే ఇది అవ్వ కాలంతో పోయిన సంగతి కాదు. ఆ రాత్రి ఫోనులో ఇవన్నీ వెతుక్కుంటూ కూర్చున్నాను. నిద్ర పట్టక అంతే. దయ్యం భయంతో మాత్రం కాదు.

తెల్లారి ఊరికి బయలుదేరే ముందు అవ్వ ఇంటికి వెళ్ళాను. ఏం చెప్పాలో అనుకునే వెళ్ళాను గానీ నోరు పెగల్లేదు. ఆమె అడక్కుండానే గ్లాసు నిండా సల్ల ఇచ్చింది. ఉప్పు కాస్త ఎక్కువైంది. మొత్తం తాగాను. గడప దాటుతుంటే వెనక నుంచి అంది: “మల్ల వచ్చినప్పుడు ఆ పిల్లను సినిమా పెట్టమను. జేజెమ్మది పెట్టమను. ముసలోళ్ళు దయ్యాలైతరు చూడు, గవి వద్దు.”

ఆ నవల రెండో ముద్రణకు వచ్చింది. ప్రూఫులు నా బల్ల మీద ఉన్నాయి. ముసలమ్మను ముసలాయనగా మారుద్దామని ఒక పూట కూర్చున్నాను. కుదరలేదు, ముద్దాడటం దగ్గర కథ అడ్డం తిరిగింది. పళ్ళు పెట్టి చూశాను. మనిషే మారిపోయింది. ఆమెను తీసేస్తే నవల నిలబడదని ప్రచురణకర్త అంటున్నారు. నిజమే, నిలబడదు. పదిరోజుల్లో పంపమని రెండుసార్లు ఫోను చేశారు. ఇంకా పంపలేదు.