డేరాకు కరెంటు

కరెంటు లేని చోటు వెతుక్కుంటూ వందల మైళ్ళు పోవడం, పోయాక అక్కడికి కరెంటు ఎలా తెచ్చుకోవాలా అని తల పట్టుకోవడం! అమెరికాలో ఉన్న మన పిల్లలకి ఇదొక సరదా. దానికి క్యాంపింగ్ అని పేరు. మా చౌటుప్పల్‌లో ఎండాకాలం కరెంటు పోతే చాపా దిండూ చంకన పెట్టుకుని డాబా ఎక్కుతాం. దానికెవరూ పేరు పెట్టలేదు గనుక అది గొప్పదనం కాలేకపోయింది.

డాలస్‌లో ఉన్న మా అమ్మాయీ అల్లుడూ పాప్-అప్ క్యాంపర్ ఒకటి కొన్నారు. కొత్తది కాదు, ఎవరో వాడి అమ్మేసింది. అదెలా ఉంటుందంటారా? కారు వెనక తగిలించి లాక్కుపోయే రెండు చక్రాల ఇనప పెట్టె. దిగినచోట హ్యాండిలు పెట్టి తిప్పితే బావిలోంచి బొక్కెన వచ్చినట్టు పైకప్పు మెల్లగా లేస్తుంది. అటొకటీ ఇటొకటీ మంచాలు సొరుగుల్లా బయటికొస్తాయి. చుట్టూ గోడలుండవు, కాన్వాసు గుడ్డా దోమల జాలీ. సర్కస్ డేరాకీ మా అత్తగారి ట్రంకుపెట్టెకీ పెళ్ళి చేస్తే పుట్టిన బిడ్డ అనుకోండి!

లోపల స్విచ్చు లేదు, ప్లగ్గు లేదు. వెనక ఎర్రలైట్లు వెలగడానికి కారునుంచి వచ్చే నాలుగు వైర్లు తప్ప దానికి కరెంటుతో చుట్టరికమే లేదు.

లేకపోతేనేం, లాంతరు పెట్టుకుంటారు అనేదాన్నే. కానీ మా చిన్న మనవడికి ఆయాసం. గాలి మారితే చాలు, ఏ అర్ధరాత్రో నెబ్యులైజర్ పెట్టాలి. వాళ్ళ దగ్గరున్నది ప్లగ్గుతో నడిచేదే. వాణ్ణి వదిలి వెళ్ళలేరు, వాడి కోసం అక్కని ఇంట్లో కూర్చోబెట్టనూలేరు. కాబట్టి కరెంటు కావలసిందే.

డబ్బు కట్టి దిగే క్యాంపు స్థలాల్లో ఒక్కో జాగా పక్కన పొట్టి స్తంభం ఒకటి ఉంటుంది. దాని మూత ఎత్తితే ప్లగ్గులు. మామూలు ఇంటి ప్లగ్గూ, కాస్త పెద్ద బళ్ళకి 30 ఆంపియర్లదీ, చాలా పెద్దవాటికి 50 ఆంపియర్లదీ. వాళ్ళ ఇళ్ళలో ప్లగ్గుకి వచ్చేది 120 వోల్టులు, మనకి 230. మా అల్లుడి మొదటి ఆలోచన సులువైనది. స్తంభంనుంచి ఎక్స్‌టెన్షన్ వైరు ఒకటి తలుపు సందులోంచి లోపలికి లాగేయడం.

"రెండు రాత్రులకి గింత హంగామా ఎందుకు అత్తమ్మా?" అన్నాడు.

"ఇనప పెట్టె, తడి గడ్డి, చెప్పుల్లేని పిల్లలు. ఈ మూడూ ఒక్కచోట చేరితే నాకు నిద్ర పట్టదు బాబూ" అన్నాను.

నేనేమీ ఇంజనీరుని కాను. అయినా డేరాలో కరెంటు నాకు కొత్త కాదు. మా ఊరి మీదుగా పోయే విజయవాడ రోడ్డు (అప్పట్లో 9వ నంబరు, ఇప్పుడు 65) 2010 తర్వాత నాలుగు లైన్లవుతున్నప్పుడు పక్కన కూలీల డేరాలుండేవి. పాలమూరునుంచి వచ్చినవాళ్ళు కొందరు. టార్పాలిన్ కింద సంసారం. వెదురుకర్ర మీదుగా రెండు తీగలు, అతుకు దగ్గర టేపుకి బదులు ప్లాస్టిక్ సంచి ముక్క. ఆ బల్బు వెలుగులో తల్లి రొట్టె కాలుస్తూంటే పసివాడు అదే కర్ర పట్టుకుని నిలబడేవాడు. బస్సులోంచి చూస్తేనే నా గుండె గుబగుబలాడేది. పాపం, వాళ్ళు సరదాకి డేరా వేసుకున్నవాళ్ళు కారు.

ఇక మా బోరు సంగతి. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. అంతకుముందు వంతుల కరెంటే. అర్ధరాత్రి వస్తే అర్ధరాత్రే పోవాలి. మావారు పగలు బడిపంతులు, రాత్రి మోటారు కాపలాదారు. చేతిలో టార్చి, మడిలో తడికాళ్ళు, ఎదురుగా ఇనప స్టార్టరు డబ్బా. ఆయన తిరిగొచ్చి కాళ్ళు కడుక్కునేదాకా నేను గడపమీదే. అలా వెళ్ళి తిరిగిరాని మగవాళ్ళ ఇళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్నాయి. ఆ ఇళ్ళకి పలకరింపుకి వెళ్ళినదాన్ని, ఆ ఆడవాళ్ళ పక్కన కూర్చున్నదాన్ని.

అందుకే మావారు డబ్బా పక్కన నిలువు గొయ్యి తీయించి, పైపు పాతించి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేయించారు. అదే ఎర్తు. మట్టి ఎండిపోతే కరెంటు భూమిలోకి సరిగా దిగదు. వేసవిలో దానికి నీళ్ళు పోయడం నా వంతు. తులసమ్మకి చెంబెడు, ఎర్తుకి బిందెడు!

మన వంటింట్లో మూడు పిన్నుల ప్లగ్గుంటే, దాన్ని రెండు కన్నాల బోర్డులో ఎలా దూర్చాలా అనే చూస్తాం. ఆ పై పిన్ను మిగతా రెంటికన్నా లావుగా, పొడుగ్గా ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? లోపలికి ముందు వెళ్ళేదీ, బయటికి ఆఖర్న వచ్చేదీ అదే. మన ఒంటికి రక్షణ కుదిరాకే కరెంటు లోపలికి రావాలని. కూలరు రేకు జివ్వుమంటే "కొంచెం షాకిస్తుంది లెండి" అని పీట వేసుకుని నిలబడి నీళ్ళు పోసే ఇల్లాళ్ళని చూశాను. ఆ "కొంచెం" అనేమాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

మా అల్లుడు మంచివాడు, చెప్తే వింటాడు. పని కూడా పెద్దదేం కాదు. పెట్టె పక్కన కన్నం చేసి, బయటి వైరు తగిలించడానికి మూత ఉన్న సాకెట్టు బిగించాడు. అక్కణ్ణుంచి లోపల చిన్న డబ్బా, అందులో 15 ఆంపియర్ల బ్రేకరు. దాని తర్వాత రెండే ప్లగ్గులు. అందులో మొదటిది జీఎఫ్‌సీఐ అనే రకం. మన మీటరు బోర్డు పక్కన పెట్టే ఆర్‌సీసీబీకి వరసకి తమ్ముడు. ఇది మన పాల లెక్క లాంటిదే. వెళ్ళిన కరెంటెంత, తిరిగొచ్చిందెంత అని చూస్తూనే ఉంటుంది. తేడా వచ్చిందా, ఆ తేడా ఎవరి ఒంట్లోంచో నేలలోకి పోతోందని అనుమానించి రెప్పపాటులో ఆపేస్తుంది. మన ఇళ్ళలోది 30 మిల్లీ ఆంపియర్ల తేడాకి పడితే, వాళ్ళది అయిదారుకే పడిపోతుంది.

ఆకుపచ్చ ఎర్తు వైరుని బండి ఇనప చట్రానికి గట్టిగా బిగించారు. న్యూట్రల్‌నీ ఎర్తునీ మాత్రం బండి లోపల కలపకూడదు. కలిపితే తిరుగు కరెంటు చట్రంగుండా పోతుంది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ని పిలిచి చూపించేదాకా నేనూరుకోలేదు. అతను స్క్రూలన్నీ మరోసారి బిగించి, ఇంకో మాట చెప్పాడు. ఇంటిదగ్గర 30 ఆంపియర్ల క్యాంపర్ ప్లగ్గు పెట్టించుకునేవాళ్ళు కొందరు దాన్ని బట్టలారబెట్టే మెషిన్ ప్లగ్గనుకుని 240 వోల్టులు ఇప్పించేస్తారట. అంతే, లోపలున్నవన్నీ మాడి మసి.

బయటి వైరు 12వ గేజిది తీసుకున్నారు. గేజి నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. భూదాన్ పోచంపల్లి మా పక్క ఊరే గనుక, నూలు కౌంటు పెరిగితే దారం సన్నమవడం తెలిసినదాన్ని గనుక, ఇది నాకు వెంటనే అర్థమైంది, అల్లుడికే కొంచెం ఆలస్యమైంది. ఆ వైరుని చుట్టగా వదిలేసి వాడకూడదు, వేడెక్కుతుంది. పూర్తిగా విప్పి పరవాలి. ఏది దేనితో కలిపి పెట్టాలన్న లెక్క మా అమ్మాయిది. 1500 వాట్ల హీటరు ఒక్కటే పన్నెండున్నర ఆంపియర్లు తినేస్తుంది, దాంతో పాటు కెటిల్ పెడితే చీకటే. ఫ్యానూ లైటూ నెబ్యులైజరూ కలిసి ఎంత తిన్నా దానికి చాలా తక్కువ.

క్యాంపుకి వెళ్ళాక అల్లుడు జేబులోంచి బొటనవేలంత టెస్టరు తీసి స్తంభానికి గుచ్చాడు. రెండు పసుపు లైట్లు వెలగాలి. ఒక్కటే వెలిగింది. టెస్టరు మీదున్న పట్టీ చూస్తే ఎర్తు లేదని. ఫ్యాను పెడితే మాత్రం గిర్రున తిరిగింది! ఇదే చూడండి చిత్రం. ఎర్తు లేదన్న సంగతి ఏ ఫ్యానూ చెప్పదు, ఏ బల్బూ చెప్పదు.

"జీఎఫ్‌సీఐ ఉంది కదా అత్తమ్మా, చీకటి పడుతోంది" అన్నాడు.

"అది మంచిదే బాబూ. ఎర్తు ఉంటే ఇనపకి కరెంటు తగిలిన క్షణంలోనే ఆగిపోతుంది. లేకపోతే ఎవరో ఒకరు ముట్టుకునేదాకా కాచుకుని కూర్చుంటుంది. ఆ ఎవరో ఒకరు వీడైతే?"

మారుమాట్లాడకుండా వెళ్ళి ఆఫీసులో చెప్పాడు. వాళ్ళు ఇంకో జాగా ఇచ్చారు. లేపిన కప్పు మళ్ళీ దింపి, మంచాలు తోసి, బండి జరిపి, మళ్ళీ తిప్పేసరికి మా అమ్మాయి నన్ను కొంచెం గుర్రుగానే చూసింది. అక్కడ రెండు లైట్లూ వెలిగాయి. బ్రేకరు ఆపి, వైరు తగిలించి, మళ్ళీ బ్రేకరు వేసి, జీఎఫ్‌సీఐ మీద టెస్టు మీట నొక్కితే టక్కుమని పడింది.

రాత్రి రెండింటికి పిల్లవాడు ఎగపోశాడు. మాస్కు పెట్టి మీట వేశాం. పావుగంటకి ఊపిరి సర్దుకుని నా ఒళ్ళోనే నిద్రపోయాడు. కాన్వాసు మీద మంచు కారుతోంది, వాడి చెయ్యి ఇనప చట్రం మీద ఆని ఉంది. తీయాలనిపించలేదు.

పొద్దున్న కాఫీ తాగుతూ అల్లుడు అడిగాడు, "అత్తమ్మా, ఆ బొగ్గూ ఉప్పూ గొయ్యికి ఎన్ని నీళ్ళు పోసేవారు?"

"ఎండాకాలమైతే వారానికి రెండు బిందెలు" అన్నాను.