బాలానందం గొంతులు

మద్రాసు ఆకాశవాణిలో ‘బాలానందం’ అనే పిల్లల కార్యక్రమంలో పాడిన పిల్లలు ఇప్పుడు తాతయ్యలు, అమ్మమ్మలు. ఆ రోజుల మాట ఎత్తితే చాలు, ముందుగా వాళ్ల నోట వచ్చేది రెండు పేర్లే: రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులవి ఆ పేర్లు.

బృందగానం కిటుకంతా అప్పట్లో మైకు ముందు నిలబడే పద్ధతిలోనే ఉండేది. గట్టి గొంతువాళ్లు వెనక్కి, సన్నగొంతువాళ్లు ముందుకు. ఎర్రదీపం వెలిగిందంటే దగ్గు వచ్చినా బిగపట్టాల్సిందే, ప్రసారం ప్రత్యక్షంగా ఊళ్లకు వెళ్లిపోతుంది మరి! పక్కవాడి ఊపిరి వింటూ తన ఊపిరి తీసుకోవడం, ఒక్కడే పైకి వినిపించకుండా అందరితో కలవడం పిల్లలకు అక్కడే అలవడింది. సంగీతం పాఠాల్లో ఇది అంత తేలిగ్గా దొరకదు.

ఆ దంపతులు 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు, 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడ్డాక హైదరాబాదు పిల్లలకూ బాలానందంలో పాడే భాగ్యం దక్కింది.

టేపు అరుదైన కాలం కాబట్టి ఆ పాటల్లో చాలావరకు పాడినవాళ్ల జ్ఞాపకంలోనే ఉన్నాయి. మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్లుంటే, ఈ ఆదివారమే కూర్చోబెట్టి పాడించండి. ఫోనులో రికార్డు చేసుకోండి.