అడిగేవాళ్లుంటేనే బతికే వంటలు

హైదరాబాదు దాటకుండా రెండు రాష్ట్రాల జిల్లాలన్నింటితోనూ పరిచయం పెంచుకోవాలంటే ఎస్.ఆర్. నగర్‌ను మించిన చోటు లేదు. మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్ల కోసం వచ్చే పిల్లలు, వాళ్లను నమ్ముకుని వెలిసిన హాస్టళ్లు, వాటి కింద జిరాక్సు షాపులు, టిఫిన్ బండ్లు, కర్రీ పాయింట్లు. ఒక గదిలో నాలుగు మంచాలుంటే వాటిమీద శ్రీకాకుళం, ఆదోని, మంథని, అమలాపురం పక్కపక్కనే పడుకుంటాయి. యాస వేరు, పండగ చేసే తీరు వేరు, అమ్మ చేతివంట వేరు. రాత్రి ఎనిమిదయ్యేసరికి మాత్రం నలుగురి కంచాల్లోనూ అదే టమాటా పప్పు, అదే బెండకాయ వేపుడు, అదే ఆలుగడ్డ కూర, ముడివేసిన కవర్లో అదే సాంబారు.

కర్రీ పాయింట్ల మీద నాకు గౌరవం ఉంది. ఇంటికి దూరంగా ఉన్న వేలమంది కడుపులు తక్కువ డబ్బుతో నింపుతున్నవి అవే. అయితే అందరికీ అమ్మాల్సిన కూర ఎవరికీ కొత్తగా అనిపించకూడదు. అందుకే అన్ని జిల్లాలవాళ్లూ అభ్యంతరం లేకుండా తినే పది పన్నెండు కూరల దగ్గరే ఆ పట్టిక ఆగిపోతుంది. ఎవరింటి ప్రత్యేక వంట వాళ్ల ఊళ్లోనే ఉండిపోతుంది. పక్క మంచం కుర్రాడి ఊళ్లో ఏం వండుకుంటారో తెలియకుండానే కోర్సు పూర్తవుతుంది, ఉద్యోగం వస్తుంది, గది ఖాళీ అవుతుంది.

పేరు మోసిన వంటకం చాటున మిగతావన్నీ మరుగున పడటం మన ఒక్కరికే జరిగింది కాదు. గ్రీసు వంట అనగానే ప్రపంచానికి గుర్తొచ్చేది మౌసాకా. వంకాయ, మాంసం పొరల మీద పాలు, మైదాతో చేసిన తెల్లటి సాస్ పోసి కాల్చే ఆ రూపాన్ని ప్రచారంలోకి తెచ్చింది నికోలావోస్ త్సెలెమెంటెస్ అనే వంటగాడు, అదీ 1920లలో. అంతకంటే ఎంతో పాతవి అక్కడి పల్లెల్లో ఉన్నాయి. సిఫ్నోస్ దీవిలో శనివారం రాత్రి శనగల్ని ఉల్లిపాయతో, ఆలివ్ నూనెతో మట్టికుండకెత్తి కట్టెల పొయ్యిలోకి తోస్తారు. రాత్రంతా మగ్గి, ఆదివారం చర్చి నుంచి ఇంటికి వచ్చేసరికి రెవిథాదా సిద్ధంగా ఉంటుంది. శాంతోరినిలో పసుపుపచ్చని పప్పును మెత్తగా ఉడికించి, ఉల్లిపాయ ముక్కలు, ఆలివ్ నూనె వేసుకుని తినే ఫావా ఉంది. మన ముద్దపప్పు తిన్నవాళ్లకు అది పరాయిగా అనిపించదు. గోధుమను పులిసిన పాలతో కలిపి ఎండబెట్టి, చలికాలంలో జావ కాచుకునే త్రహనాస్ ఉంది. గట్ల మీద మొలిచే ఆకుకూరల్ని ఉడికించి నిమ్మకాయ పిండే ఖోర్తా ఉంది. అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ 1958లో మొదలుపెట్టిన ఏడు దేశాల అధ్యయనంలో క్రీటు దీవి పల్లెవాసుల్లో గుండెజబ్బు మరణాలు బాగా తక్కువని తేలింది. అప్పటినుంచి ఆ పేదవాళ్ల తిండి మీద లోకం చూపు మారింది. 2010లో యునెస్కో మధ్యధరా ఆహారాన్ని సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. లోకం వచ్చి అడిగాక గ్రీకులు ఆ కుండల్ని గర్వంగా ముందుపెట్టారు. మనల్ని అడగడానికి ఎవరో రావాల్సిన పనిలేదు. మనలో మనం ఒకరినొకరు అడిగితే చాలు.

మంథని కుర్రాణ్ణి అడిగితే ముందు చెప్పేది సర్వపిండి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, కరివేపాకు, ఉల్లాకు వేసి గట్టిగా తడుపుతారు. లోతైన గిన్నెకు లోపల నూనె రాసి, ఆ ముద్దను అడుగుకూ అంచులకూ చేత్తో పలచగా ఒత్తుతారు. వేలితో అక్కడక్కడా రంధ్రాలు పెట్టి ఒక్కోదాంట్లో చుక్క నూనె వేస్తారు. మూతపెట్టి సన్నని సెగమీద వదిలేస్తే అడుగు కరకరలాడుతుంది, పైభాగం మెత్తగా ఉడుకుతుంది. గిన్నె వంపును బట్టి దాని అంచులు కూడా పైకి లేచి ఉంటాయి. రెండోది ఒత్తాలంటే గిన్నె చల్లారేదాకా ఆగాలి. తొందరున్నవాళ్లు గిన్నె బోర్లించి అడుగున నీళ్లు పోస్తారు. కొన్ని ఊళ్లలో దీన్నే తపాలచెక్క అంటారు, మరికొన్నిచోట్ల గిన్నెప్ప. ఒక్క పొయ్యి, ఒక్క గిన్నె ఉంటే చాలు, హాస్టల్ గదిలో కూడా అయ్యే పని ఇది.

దానికంటే సులువైంది పచ్చిపులుసు. పొయ్యిమీద మరిగించే పనే లేదు. చింతపండు నానబెట్టి పిసికిన నీళ్లలో కాల్చిన పచ్చిమిరపకాయల్ని ఉప్పుతో నలిపి వేసి, సన్నగా తరిగిన ఉల్లిపాయలు, కాస్త బెల్లం, కొత్తిమీర కలిపి పోపు పెడితే అయిపోతుంది. వేయించిన నువ్వులపొడి పడితే చిక్కదనం వస్తుంది. పెసరపప్పు కిచిడీ పక్కన ఇది ఉంటే వేరే కూర అక్కర్లేదు. ఎండాకాలం మధ్యాహ్నం జొన్న గట్కలో పోసుకుంటే కడుపు చల్లబడుతుంది.

సద్దుల బతుకమ్మ నాడు చేసే మలీదను కూడా చాలామంది రుచి చూసి ఉండరు. వేడి రొట్టెను చేత్తో నలిపి, బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు కడతారు. రొట్టె వేడిగా ఉన్నప్పుడే నలిపితే బెల్లం కరిగి ప్రతి పలుకుకూ పడుతుంది. పీర్ల పండుగకు కూడా తెలంగాణ పల్లెల్లో ఇదే మలీద చేసి పంచుతారు. రెండు మతాల పండుగల్లో ఒకే తీపి నైవేద్యమైన నేల మనది. పిల్లలకు మొదట చెప్పాల్సిన సంగతుల్లో ఇదొకటని నా నమ్మకం.

ఆదోని కుర్రాడి పొద్దు ఉగ్గానితో మొదలవుతుంది. బొరుగుల్ని నీళ్లలో ముంచి వెంటనే పిండేయాలి. ఎక్కువసేపు నానితే ముద్దైపోతాయి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తాలింపులో వాటిని తిప్పి, దించాక పుట్నాలపొడి చల్లి నిమ్మకాయ పిండుతారు. పక్కన వేడి మిరపకాయ బజ్జీ ఉండాల్సిందే. అటుకుల ఉప్మా తెలిసిన ఊళ్లకు ఉగ్గాని తెలియకపోవడం అన్యాయం.

ఇక గోదావరి జిల్లాలవాళ్లకు పండగకూ పెళ్లికీ ఉండాల్సింది పనసపొట్టు కూర. లేత పనసకాయను కత్తితో పొట్టుగా కొట్టడం ఒక విద్య. ఆ పొట్టును ఉడికించి, చింతపండు పులుసు, ఇంగువ తాలింపు పెట్టి, చల్లారాక నూరిన ఆవ కలుపుతారు. వేడిమీద కలిపితే ఆవ చేదెక్కుతుంది. దిబ్బరొట్టెకు మినప్పిండి, బియ్యపురవ్వ, మందపాటి మూకుడు, ఓపిక చాలు. వీటన్నింటికంటే నేను గట్టిగా చెప్పదలచుకున్నది తెలగపిండి కూర. గానుగలో నువ్వుల నుంచి నూనె తీశాక మిగిలే చెక్కను పొడిచేసి, మునగాకు, వెల్లుల్లితో కలిపి చేసే కూర అది. బాలింతకు పాలు పడతాయని పెద్దవాళ్లు శ్రద్ధగా వండిపెట్టేవారు. నూనె పోయినా నువ్వులోని మాంసకృత్తులు ఆ పిండిలోనే ఉంటాయి. ఏదీ వృథా పోనివ్వని సంసారాల తెలివి ఆ కూరలో కనిపిస్తుంది.

ఇంత మంచి వంటలు మరుగున పడటానికి కారణాలున్నాయి. కొన్నింటికి సమయం కావాలి, కొన్నింటికి కాలం రావాలి. పెద్ద కారణం మాత్రం చిన్నచూపు. గట్క, అంబలి, సంకటి లేనివాళ్ల తిండి అనీ, వరి అన్నం ఉన్నవాళ్ల తిండి అనీ మనసులో నాటుకుపోయింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇవ్వడం మొదలుపెట్టాక పేదింట్లోనూ రోజూ అన్నం ఉడికింది. ఆకలి తీరడాన్ని మించిన మేలు లేదు, ఆ పథకానికి చేతులెత్తి దండం పెట్టాలి. అయితే బియ్యం ఇంటికొచ్చినకొద్దీ జొన్న, సజ్జ, కొర్ర చేనునుంచి తప్పుకున్నాయి. గింజ పోతే దానితో వండే వంట కూడా పోతుంది. అదే 1983లో పనిలోకి దిగిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళా రైతులతో కలిసి ఆ గింజల్ని కాపాడింది. ఏటా ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరిగే పాతపంటల జాతర వాళ్లదే. ఆ సంస్థను నడిపిన పి.వి. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. ఆ ఏడాదినే ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది.

పోయిందనుకున్న వంట తిరిగిరావడం మాటల్లో మాత్రమే సాధ్యమనుకునేవాళ్లు సాయంత్రంపూట మన వీధుల్లో జొన్నరొట్టెల బండి దగ్గర కాసేపు నిలబడాలి. రొట్టెలు చేసే ఆవిడ పిండిలో మరిగే నీళ్లు పోసి, చెయ్యి కాలుతున్నా ఆగకుండా పిసుకుతుంది. పిడికెడు ముద్ద తీసుకుని పొడిపిండి చల్లిన పీటమీద అరచేత్తో తడుతుంటే రొట్టె తనంతట తానే తిరుగుతూ పలచబడుతుంది. పెనంమీద వేసి పైన తడిచెయ్యి రాస్తుంది, ఆ తడి ఆరగానే తిప్పుతుంది. చివర్లో నేరుగా నిప్పుమీద పెడితే పొంగుతుంది. పాతబడ్డ పిండైతే జిగురుండదు, అంచులు చిట్లిపోతాయి. అందుకని ఎప్పటికప్పుడు పట్టించిన పిండే వాడుతుంది. ఈ బండ్లు వీధివీధినా పుట్టుకొచ్చాయంటే షుగరున్న పెద్దవాళ్లు అడిగారు, ఊరి రొట్టెమీద బెంగపడ్డ పిల్లలు అడిగారు. అడిగేవాళ్లు పెరిగేసరికి చేసేవాళ్లూ వచ్చారు. జొన్నరొట్టెకు జరిగింది సర్వపిండికి ఎందుకు జరగదు? పచ్చిపులుసు కవర్లో కట్టివ్వడం సాంబారు కట్టివ్వడం కన్నా కష్టమేం కాదు. వారానికి ఒకరోజు ఒక జిల్లా కూర పెట్టమని పదిమంది అడిగితే ఏ కర్రీ పాయింటు యజమానీ కాదనడు.

కావలసినవి కూడా దగ్గర్లోనే దొరుకుతాయి. ఎర్రగడ్డ రైతుబజారులో పుంటికూర, గంగవాయిల కూర, కాలంలో చింతచిగురు కనిపిస్తాయి. స్వగృహ దుకాణాల్లో సకినాలు, గరిజెలు ఏడాది పొడుగునా ఉంటున్నాయి. సంక్రాంతి ముందు నాలుగైదు ఇళ్ల ఆడవాళ్లు కూడి, తడిపిండిని వేళ్లతో మెలిపెడుతూ గుడ్డమీద చుట్లుచుట్లుగా పోసిన సకినం ముందు దుకాణం సకినం తేలిపోతుంది, నిజమే. కానీ ఎన్నడూ తిననివాళ్లకు మొదటి పరిచయంగా అదీ మంచిదే.

ఈ ఆదివారం హాస్టళ్లలో ఉన్న పిల్లలు ఒక పని చేయండి. మీ గదిలో ఉన్న పక్క జిల్లా స్నేహితుణ్ణి వాళ్ల అమ్మగారికి ఫోన్ చేయమనండి. మీ ఇంట్లో మాత్రమే వండుకునేది ఏమిటని ఆవిడను అడగండి, కొలతలు రాసుకోండి, నలుగురూ కలిసి వండండి. అపార్టుమెంట్లలో ఉండే సంసారులారా, మీ ఇంటికి భోజనానికి వచ్చేవాళ్లకు బిర్యానీ తెప్పించే ముందు మీ ఊరి వంట ఒక్కటి వడ్డించండి. అత్తగారు, అమ్మమ్మ చేత్తో చేసి చూపగలిగిన రోజుల్లోనే ఆ వంట నేర్చుకోండి. కంట పడే కూరలు ఎలాగూ తింటాం, అడిగి చేయించుకున్నవి మాత్రమే మన పిల్లలదాకా చేరతాయి.