చెరువు గట్టు మీద అర్ధరాత్రి మ్యాచ్

2022 డిసెంబరు 14, బుధవారం. బందరులో మా కాలేజీ, మొదటి పీరియడ్. జాషువా ‘గబ్బిలం’ చెబుతున్నాను. వెనక బెంచీలో ఒకడు బల్ల మీద తల పెట్టి నిద్రపోతున్నాడు. మా కృత్తివెన్ను వాడే, మా పేట వాడే. క్లాసులో నన్ను మేడమ్ అంటాడు, పేటలో అక్కా అంటాడు.

లేపి నిలబెట్టాను. “రాత్రంతా ఏం చేశావురా?”

“మ్యాచ్ చూశాను మేడమ్. వరల్డ్ కప్ సెమీస్. అర్జెంటీనా, క్రొయేషియా.”

క్లాసంతా నవ్వింది. నేను మాత్రం అందరు లెక్చరర్లూ చేసే పనే చేశాను. మీ అమ్మ తెల్లారకుండా రొయ్యల కంపెనీ బస్సెక్కి పోయి, ఐసులో చేతులు తిమ్మిరెక్కేదాకా వలిస్తే నీ ఫీజు వస్తోంది, నీకు ఫుట్‌బాల్ కావాలా అని అందరి ముందూ కడిగేశాను. వాడు తలొంచుకుని విన్నాడు.

సాయంత్రం ఊరి బస్సులో నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పాడు. “మ్యాచ్ కోసం మేలుకోలేదక్కా. మేలుకుని ఉన్నాను కాబట్టి మ్యాచ్ చూశాను.”

వాళ్ల నాన్నకు నడుం పట్టేసింది. నెల రోజులుగా ఆయన బదులు వీడే రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా. మా వైపు వాళ్లకు ఆ పని గురించి చెప్పక్కర్లేదు. తెలియని మిత్రుల కోసం చెబుతున్నాను. రాత్రి పొద్దుపోయే కొద్దీ చెరువు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. ఏరియేటర్లు ఆగకుండా తిరగాలి. కరెంటు పోతే పరిగెత్తి జనరేటర్ వెయ్యాలి. కాస్త కునుకు పట్టిందా, తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. ఆ నష్టమంతా కాపలావాడి మెడకే చుట్టుకుంటుంది. ఆ రాత్రి మొదటి గోలు మెస్సీ పెనాల్టీ. అది చూశాడట. అల్వారెజ్ కొట్టిన రెండో గోలు చూడలేదు. అప్పుడే కరెంటు పోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ మ్యాచ్ టైముల లెక్క కట్టుకుంటూ కూర్చున్నాను.

ఖతార్‌లో మొదటి రెండు రౌండ్ల గ్రూపు మ్యాచులు మన గడియారం ప్రకారం నాలుగు వేళల్లో పెట్టారు. మధ్యాహ్నం 3:30, సాయంత్రం 6:30, రాత్రి 9:30, అర్ధరాత్రి 12:30. మూడున్నరకు మా వాడు కాలేజీలో ఉంటాడు. ఆరున్నరకు దారిలో ఉంటాడు. తొమ్మిదిన్నరకు చెరువు మీద పని వదలదు. మిగిలింది పన్నెండున్నర. సెమీఫైనళ్లు రెండూ ఆ టైముకే పెట్టారు. అది వీడి కోసం పెట్టింది కాదు. మనకు పన్నెండున్నర అయితే పారిస్, బెర్లిన్ నగరాల్లో రాత్రి ఎనిమిది. పని ముగించుకుని, భోంచేసి జనం టీవీ ముందు కూర్చునే వేళ. ప్రకటనకు ఎక్కువ ధర పలికే వేళ. యూరప్ సాయంత్రం, మా చెరువు అర్ధరాత్రి ఒకేసారి వచ్చాయి. అందుకని ఆ రెండు గంటలు వీడికి దొరికాయి. ఆ ఏడాది జియో సినిమాలో ఉచితం కాబట్టి ఫోన్‌లో దొరికాయి.

టీవీ కోసం టైము మార్చడం కొత్తేమీ కాదు. 1994 ఫైనల్‌ను అమెరికాలోని పసడేనాలో జూలై మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆడించారు. అప్పుడు యూరప్‌లో రాత్రి. ఎండలో పరిగెత్తినవాళ్లు కోటీశ్వరులే. ఐనా టైము విషయంలో వాళ్ల మాటా చెల్లలేదు.

నా చిన్నప్పటి ఫైనల్ కూడా చెప్పాలి. 2002 జూన్ 30. జపాన్‌లో రాత్రి కాబట్టి మనకు సాయంత్రం నాలుగున్నర. పిల్లలకు అంతకంటే మంచి టైము లేదు. కానీ మా పేటలో టీవీ లేదు. ఊళ్లో ఒక పెద్దింటి కిటికీ బయట నిలబడి చూశాం. రొనాల్డో మొదటి గోలు కొట్టాక ఆ ఇంటికి చుట్టాలొచ్చారు. “ఇక పొండర్రా” అన్నారు, కిటికీ మూశారు. రెండో గోలు గురించి మర్నాడు బడిలో విన్నాను. అప్పుడు టైము మాదే, టీవీ మాది కాదు. ఇరవై ఏళ్లకు ఫోన్ మా చేతికొచ్చింది, టైము చెయ్యి జారింది.

ఇక 2022 ఫైనల్. డిసెంబరు 18, ఆదివారం, రాత్రి 8:30. ఆ రాత్రే చెరువు పట్టుబడి పెట్టారు. రెండు గంటలు ఆగి మొదలుపెడదామా అని మా వాడు అడిగాడట. “బంతాట కోసం రొయ్య ఆగుద్దా?” అన్నాడట ఆసామి. కుర్రాళ్లంతా నడుంలోతు నీళ్లలో వల లాగుతున్నారు. గట్టు మీద కారులోంచి మాత్రం కామెంటరీ వినిపిస్తూనే ఉందట. మూడు మూడు గోల్స్ దగ్గర సమానమై, పెనాల్టీల్లో 4-2తో అర్జెంటీనా గెలిచిందని ఐసు లారీ డ్రైవరు చెబితే తెలిసింది.

దీన్ని తలరాత అనుకోవద్దు. జర్మనీలో బుండెస్‌లీగా వాళ్లు టీవీ కోసం సోమవారం రాత్రి మ్యాచులు పెట్టారు. మర్నాడు పనికి వెళ్లాల్సిన వాళ్లం, వేరే ఊరు పోయి మ్యాచ్ ఎలా చూస్తాం అని అభిమానులు తిరగబడ్డారు. 2018 ఫిబ్రవరిలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరారు. డోర్ట్‌మండ్‌లో వేలమంది రాకుండా మానేసి స్టాండ్ ఖాళీగా వదిలేశారు. 2021-22 సీజన్ నుంచి సోమవారం మ్యాచులు తీసేశారు.

వాళ్ల ఖాళీ కుర్చీలు కెమెరాకు కనపడ్డాయి. గట్టు మీద మా వాడు మ్యాచ్ చూడకపోతే ఏ కెమెరాకు కనపడుతుంది? గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. క్రికెట్ ప్రసారాల కేసులోనే చెప్పింది. ఆస్తిలో మన వాటా ఏదని అడిగే ముందు, దాన్ని అనుభవించడానికి మనకు పొద్దు ఏదని అడగాలి.

1946లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణ వచ్చి వారానికి 48 గంటల పని అయింది. ఆ బిల్లు తెచ్చింది వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్న బాబాసాహెబ్. మిగిలిన గంటలు కార్మికుడివి. నిద్రపోతాడో, చదువుకుంటాడో, బంతాట చూస్తాడో వాడిష్టం. ఆ లెక్క ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయింది, మా చెరువు గట్టు దాకా రాలేదు. గట్టు మీద ఆదివారం లేదు, పండగ లేదు.

మళ్లీ కప్పు వస్తోంది. 2026 జూన్, జూలై నెలల్లో, అమెరికా, కెనడా, మెక్సికోల్లో. అక్కడి పగలు మనకు రాత్రి. “గట్టు మీద మేలుకునే వాళ్ల సీజన్ అక్కా” అని మా వాడు నవ్వుతున్నాడు. నాకు నవ్వు రాలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక చిన్న పని చెయ్యండి. మీ ఊళ్లో చెరువు కాపలా వాళ్లను, వలుపుడుకు పోయే అమ్మలను అడగండి, నెలకు ఎన్ని సెలవులని. రాసి నాకు పంపండి. వారానికి ఒక రాత్రి సెలవు అడగడానికి ముందు ఆ లెక్క మన చేతిలో ఉండాలి.

ఆ బుధవారం నేనన్న మాటలకు వాడికి క్షమాపణ చెప్పాను. కానీ చెప్పింది బస్సులో, తిట్టింది క్లాసులో. ఆ బాకీ ఇక్కడ, మీ అందరి ముందు తీర్చుకుంటున్నాను. ఇప్పుడు క్లాసులో ఎవరైనా నిద్రపోతుంటే ముందు ఒకటే అడుగుతున్నాను. రాత్రి ఏ పనిలో ఉన్నావు నాన్నా?

జై భీమ్.