సుద్దముక్క గీత

మా మామూ కుడి భుజం రెండేళ్లుగా పైకి లేవడం లేదు. నమాజులో తక్బీర్‌కి ఎడమచెయ్యి చెవిదాకా వెళ్తుంది, కుడిచెయ్యి ఛాతీ దగ్గరే ఆగిపోతుంది. రావులపాలెంలో నలభై ఏళ్లు ట్రాక్టర్ల పుర్జాలు విప్పి బిగించిన చెయ్యి అది.

అయినా ఇంట్లో కూర్చోడు. వాళ్లబ్బాయి, అంటే నా తమ్ముడు వరస, చిన్న ట్రాక్టర్ ఒకటి నడుపుతాడు. కొబ్బరి వరసల మధ్య, అరటి తోటల్లో పెద్ద బండ్లు తిరగవు కదా. వానలకి ముందు తోటలో నీరు బోదెలోకి జారేలా నేలని ఒక పక్కకి వాలుగా చెయ్యాలి. దానికి కుడివైపు లిఫ్ట్ రాడ్‌ని చేత్తో తిప్పి బ్లేడు ఒక చివర దించాలి. దిగు, తిప్పు, ఎక్కు, చూడు, మళ్లీ దిగు. పూటకి ఎన్నిసార్లో! బండి నడిపేది తమ్ముడు, దిగి తిప్పేది మామూ.

"అబ్బా, టాప్ లింక్‌కీ సైడ్ లింక్‌కీ హైడ్రాలిక్ సిలిండర్లు పెట్టేద్దాం. సీట్లో కూర్చునే అంతా ఐపోద్ది" అన్నాడు తమ్ముడు.

మామూ ముఖం ముడుచుకున్నాడు. "ఎంత తిప్పానో చెయ్యికి మాలూమ్. నూనెకి ఏం మాలూమ్ రా?"

ట్రాక్టర్ వెనక పనిముట్టుకి మూడు చోట్ల పట్టు ఉంటుంది: కింద రెండు చేతులు, పైన ఒక టాప్ లింక్. ఐర్లండ్‌లో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ 1926లో ఈ ఏర్పాటుకి పేటెంట్ పొందాడు. టాప్ లింక్ పొట్టి చేస్తే బ్లేడు ముందుకి వంగి మట్టిని కోస్తుంది. పొడుగు చేస్తే వెనక్కి వాలి చదును చేస్తూ పోతుంది. సైడ్ లింక్ సంగతి తరాజు లాంటిది, కుడి ఎడమలు బరాబర్ చెయ్యడానికీ, కావాలంటే ఒకటి దించడానికీ.

చివరికి మామూ ఒప్పుకున్నాడు. కానీ సిలిండర్లతో వచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. మామూ చదివేది ఉర్దూ. పనికొచ్చే కుర్రాడు చదివేది తెలుగు. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, పేపర్లో పనిచేసే నన్ను జొన్నాడ వంతెన దాటించి రప్పించారు. ఒక నోట్‌బుక్కులో కుడి నుంచి ఉర్దూ, ఎడమ నుంచి తెలుగు రాయమన్నారు.

మొదటి రోజే చిక్కు. తమ్ముడు ఫోటో చూసి తెచ్చిన సిలిండర్ పూర్తిగా ముడిచినా, పాత టాప్ లింక్ పొట్టి కొలత కన్నా నాలుగు వేళ్లు పొడుగుంది. అది పెడితే బ్లేడు మట్టిలో దిగదు. "నాప్ లియా క్యా?" అన్నాడు మామూ. తమ్ముడు తల దించుకుని మార్చి తెచ్చాడు. పాత లింక్ ఎంత పొట్టి అవుతుందో, ఎంత పొడుగు సాగుతుందో రెండూ కొలవాలి. పిన్ను సంగతీ చూడాలి. ఈ చిన్న బండ్లకి పైన 19 మిల్లీమీటర్లు, కింద 22. నోట్‌బుక్కులో మొదటి మాట అదే రాశాను.

ఒక్కో సిలిండర్‌కి రెండు పైపులు, మొత్తం నాలుగు. నూనెని అటూ ఇటూ పంపడానికి రెండు లివర్ల వాల్వు. బ్లేడు పూర్తిగా ఎత్తి, పూర్తిగా దించి, పైపులు ఎక్కడా నలగకుండా, తిరిగే షాఫ్టుకి తగలకుండా చూసుకున్నారు. గాలి పోవడానికి సిలిండర్లని నాలుగైదుసార్లు చివరిదాకా సాచి ముడిచి, తగ్గిన నూనె మళ్లీ పోశారు.

అసర్ తర్వాత బ్లేడు పైకెత్తి, ఇంజన్ ఆపి, సిలిండర్ రాడ్ మీద మామూ సుద్దముక్కతో గీత గీశాడు. మగ్రిబ్ చదివి వచ్చేసరికి రాడ్ రెండు వేళ్లు బయటికొచ్చేసింది. వేలాడే బ్లేడు బరువు టాప్ లింక్‌ని వెనక్కి లాగుతుంటుంది, వాల్వులో సందుల్లోంచి నూనె మెల్లగా జారిపోతుంది. "చెప్పానా? నూనెకి మాలూమ్ లేదు" అన్నాడు. గెలిచినట్టు లేదు ఆ గొంతు, నిరాశే ఉంది.

సిలిండర్‌కి రెండు వైపులా నూనెని ఆపే లాక్ వాల్వు కావాలని అప్పుడు తెలిసింది. లివర్ కదిపితేనే అది దారి ఇస్తుంది. రెండు రోజుల్లో తెచ్చి బిగించారు.

ఈలోపు నా పని నాకు చెమటలు పట్టించింది. పైపు విప్పే ముందు ఒత్తిడి తీసెయ్యాలని కాగితంలో ఉంది. నేను ఉర్దూలో "దబావ్ ఛోడో" అని రాశాను. మామూ చదివి, ఏమీ అనకుండా ఎడమచెయ్యి నా ముందు పెట్టాడు. చూపుడువేలి కొస లేదు. ఎప్పుడో ఎత్తిన నాగలి కింద చెయ్యి పెట్టినప్పుడు పోయింది. "క్యా ఛోడో? ఎవడు వదలాలి, ఏది వదలాలి? సాఫ్ రాయి."

ఇరవై ఏళ్లుగా వార్తలు రాస్తున్నాను. నా వాక్యం తప్పైతే మర్నాడు సవరణ వేస్తారు. ఇక్కడ సవరణ వేసేలోపు ఒక వేలు పోతుంది. ఆ పేజీ చింపేసి మళ్లీ రాశాను, రెండు భాషల్లోనూ:

"బ్లేడు నేల మీద పెట్టు. ఇంజన్ ఆపు. రెండు లివర్లూ అటూ ఇటూ కదుపు. లాక్ వాల్వు వెనక ఒత్తిడి మిగిలే ఉంటుంది, బరువు నేల మీద ఆనకుండా దాన్ని ముట్టకు. నూనె ఎక్కడ కారుతోందో వేలితో వెతకొద్దు, అట్టముక్క పెట్టి చూడు. సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతుంది. నొప్పి లేకపోయినా వెంటనే ఆస్పత్రికి పో."

మామూ రెండుసార్లు చదివి "అబ్ ఠీక్" అన్నాడు. నాకు ఏ ఎడిటర్ మెచ్చుకున్నా అంత ఇత్మినాన్ కలగలేదు.

లాక్ వాల్వు బిగించిన రోజు మళ్లీ గీత గీశారు. ఇషా చదివి వచ్చి, తమ్ముడు సెల్‌ఫోన్ లైటు వేశాడు. గీత గీసిన చోటే ఉంది. మామూ వంగి, వేలు పెట్టకుండా, చాలాసేపు చూశాడు.

"లివర్లు ఏ పక్క బిగించావురా?"

"కుడి పక్కన అబ్బా. అందరికీ అక్కడే కదా."

"ఎడమ పక్కకి మార్చు. రేపు నేను నడుపుతా."

తమ్ముడు ఏమీ అనకుండా పానా తీసుకున్నాడు.