అట్టల మీద కార్లు

రోహిణి కార్తె ఎండలు ఇంకా దిగకముందే, మిరపకాయల కొట్ల వైపు నుంచి గాలి మళ్ళినప్పుడల్లా ముక్కుకి ఘాటు తగులుతుండగానే, గుంటూరులో బడులు తెరిచే రోజులు దగ్గరపడేవి. 1960ల నాటి మాట. అక్క చదివిన పుస్తకం అన్నయ్యకి, అన్నయ్య చదివింది నాకు, నా తర్వాత చెల్లాయికి, అలా చేతులు మారే పుస్తకానికి కొత్తదనం ఏదైనా వస్తే అది అట్టతోనే రావాలి గనక, మా ఇంట్లో అట్టలు వేసుకునే రోజు పండగకి ఏమీ తీసిపోయేది కాదు. అమ్మ మైదాపిండి ఉడకేసి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి జిగురు కాచేది. నాయనమ్మ వసారాలో ఈతచాప పరిచి, జిగురు పెట్టిన పుస్తకాలన్నీ దొంతరగా పేర్చి, పైన సన్నికల్లు ఎత్తి పెట్టించేది. మర్నాటిదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆ రాత్రి పక్కలు కూడా అక్కడే వేసుకునేవాళ్ళం కాబట్టి, తడి మైదా వాసనా అచ్చుసిరా వాసనా కలిసి నిద్రలోకి వచ్చేవి.

అట్టలకి కాగితం మాత్రం పట్నంబజారులో చిత్తుకాగితాల కొట్టు నుంచే తేవాలి. గుంటూరులో అమెరికా లూథరన్ మిషన్ వాళ్ళు 1842 నుంచీ ఉన్నారు. కుగ్లర్ ఆసుపత్రీ, ఏసీ కాలేజీ వాళ్ళ చలవే. ఆ బంగళాల్లో దొరలకీ దొరసానులకీ ఓడ మీద వచ్చే లైఫ్, సాటర్డే ఈవినింగ్ పోస్ట్, నేషనల్ జియోగ్రాఫిక్ లాంటి పత్రికలు, చదవడం అయిపోయాక వంటవాళ్ళ చేతుల మీదుగా కొట్టుకి చేరతాయని చెప్పుకునేవాళ్ళు. ఆ నున్నటి కాగితం బెల్లం పొట్లానికి పనికిరాదు, పప్పు పొట్లానికి మడత నిలవదు. అందుకే కొట్టాయన దాన్ని వేరే కట్టగా కట్టి, జూన్ నెల కోసం అటక మీద దాచేవాడు. మీలో కొందరు ‘సోవియట్ భూమి’తో అట్టలు వేసుకుని ఉంటారు. మా బళ్ళో ఆ జట్టూ ఉండేది, ఈ జట్టూ ఉండేది. మాస్టారు బోర్డు వైపు తిరిగినప్పుడు ఒక ట్రాక్టరు ఇచ్చి ఒక కారు పుచ్చుకోవడం మామూలే.

ఆ అమెరికా పత్రికల్లో ఎదురెదురు పేజీలు రెండూ కలిపి ఒకే కారుని వేసేవాళ్ళు. పుస్తకానికి తొడిగితే కారు మొహం ముందు అట్ట మీదికీ, తోక వెనక అట్ట మీదికీ వచ్చి, నడుము సరిగ్గా పుస్తకం వెన్ను మీద మడత పడేది. నా సోషల్ పుస్తకం వెనక 1959 కాడిలాక్ రెక్కలు రెండు నిటారుగా లేచి ఉండేవి, వాటి మధ్యలో ఎర్ర దీపాలు. యుద్ధంనాటి లాక్‌హీడ్ పి-38 విమానం తోక చూసి మురిసిన జనరల్ మోటార్స్ డిజైన్ల పెద్ద హార్లీ ఎర్ల్, 1948 కాడిలాక్‌కి చిన్నగా రెక్కలు మొలిపించాడనీ, అవి ఏటికేడాది పెరిగి 1959కి అంత ఎత్తయ్యాయనీ అప్పుడు మాకేం తెలుసు. “చేపకి మల్లే దీనికి తోకేందిరా!” అని నాయనమ్మ ఆశ్చర్యపడితే, అది ఈదుతుంది గూడా అని చెల్లాయి చెప్పేసింది. నాయనమ్మ నమ్మింది.

కారు ఒక్కటే ఎప్పుడూ ఉండేది కాదు బొమ్మలో. హోటలు మెట్ల దగ్గర తెల్ల చేతితొడుగుల ఆడవాళ్ళూ, గోల్ఫు కర్రలు మోసే మగవాళ్ళూ, సముద్రం ఒడ్డున పడవలూ, మంచు పడ్డ ఇంటి గుమ్మంలో నాన్న కోసం నిలబడ్డ పిల్లలూ ఉండేవాళ్ళు. ఎక్కడా బురద లేదు, పంక్చరు లేదు, బానెట్ ఎత్తి తల పట్టుకున్న డ్రైవరు లేడు. ఆ దేశంలో నల్లవాళ్ళు కోట్లమంది ఉన్నా, ఆ పేజీల్లో ఒక్క నల్లమొహమూ కనపడదన్న సంగతి పెద్దయ్యాకే నాకు తట్టింది. అప్పట్లో మాకు ఎటు చూసినా ఎండా, కొత్త రంగూ, నవ్వే మొహాలూ.

మా చిన్నబాబాయి సినిమా బ్యానర్లు రాసేవాడు. హాలు వెనక రేకుల షెడ్డులో ఆయన పని, ఇంటికొస్తే చొక్కాకి అవిసెనూనె వాసన. అట్టల రోజున ఆయన తప్పకుండా వచ్చి కూర్చునేవాడు, జిగురు పూయడానికి కాదు, పేజీలు చూడటానికి. ఒకసారి మా వీధి మీదుగా పొగాకు వ్యాపారిగారి ప్లిమత్ వెళ్ళింది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు అమెరికా నుంచి తెప్పించిన భాగాలు బిగించి ప్లిమత్, డాడ్జ్, డిసోటో కార్లు తయారుచేసేవాళ్ళు, అలాంటిదే అది. నేను వెనకాల మలుపుదాకా పరిగెత్తి వచ్చి, “బాబాయ్, అది పొట్టిగా ఉందేంటి? బొమ్మలో ఇంత పొడుగుంది గదా!” అన్నాను. బాబాయి నవ్వి, గీతబద్ద తెచ్చి నా పుస్తకం మీదే పెట్టి కొలిచి చూపించాడు. “ఒరే అబ్బాయ్, లోపల కూర్చున్న మనిషి తలకాయ చూడు. ఎంత చిన్నగా వేశాడో. మనిషిని తగ్గిస్తే బండి దానంతటదే పెరుగుద్ది. టాపు ఎత్తు కాస్త నొక్కాడు, డొక్క సాగదీశాడు, చూసేవాడి కన్ను నేలకి దించాడు. మనం హీరోకి చెయ్యమూ?” అన్నాడు. ఫొటో ఉన్నదున్నట్టు చెబుతుంది కాబట్టే ఆ రోజుల్లో డెట్రాయిట్ కంపెనీలు చాలాకాలం చిత్రకారుణ్ణి వదల్లేదు. ఫొటోకి లొంగని పొడవూ వెడల్పూ కుంచెకి లొంగుతాయి మరి.

బాబాయికి అన్నిట్లోకీ పోంటియాక్ బొమ్మలంటే ప్రాణం. అవి నీళ్ళరంగుల్లోనే చిక్కటివి, గవాష్ అంటారు, దాంతో వేసినవి. చక్రాల మధ్య ఎడం పెంచి, 1959లో ఆ కంపెనీ వెడల్పాటి బండి అని చాటుకుంది. ఆ వెడల్పు కనపడాలంటే కారుని పక్కనుంచి వేస్తే లాభం లేదు, ఎదురుగా వేయాలి. కారు మొత్తం పేజీలో పట్టకపోయినా పరవాలేదని అంచుల్లో కోసేసి మరీ వేశాడు ఆ చిత్రకారుడు. బాబాయి ఆ బొమ్మ మీద పెన్సిలుతో గళ్ళు కొట్టుకుని, పాత బ్యానరు గుడ్డ వెనక పెద్దది చేసి రాయడానికి చూశాడు. బండి ఆకారం వచ్చింది, రంగు వచ్చింది. బానెట్ మీద ఆకాశమూ చెట్లూ మెరుస్తూ నీడ పడతాయే, అది మాత్రం ఎన్ని పూతలు వేసినా ఆయనకి నచ్చేటట్టు రాలేదు. బొమ్మ మూల సన్నటి అక్షరాలు ఉండేవి, ఏ.ఎఫ్., వి.కె. అని. అది ఎవరో ఒకరి పేరనుకున్నాం మేం. “కాదురా, ఇది ఇద్దరి పని. బండి వేసిన చెయ్యి వేరు, మనుషుల్ని వేసిన చెయ్యి వేరు” అన్నాడు బాబాయి. ఎలా తెలుసంటే చెప్పేవాడు కాదు.

బొమ్మ బాబాయిది, అక్షరం తాతయ్యగారిది. మాకు రెండిళ్ళ అవతల, మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మాస్టార్ని వీధి పిల్లలందరం అలాగే పిలిచేవాళ్ళం. రాత్రి అన్నాలయ్యాక అరుగు మీద కూర్చుని, మా పుస్తకాలు ఒక్కొక్కటీ దూరంగా పట్టుకుని, పెద్దక్షరాలు ఇంగ్లీషులోనే బిగ్గరగా చదివి, కిందున్న చిన్నక్షరాలని తెలుగులో కథ చెప్పేవారు. ప్యాకార్డ్ కంపెనీ దశాబ్దాల తరబడి ఒకటే మాట వేసుకునేది, కారు ఎలా ఉంటుందో ఉన్నవాణ్ణే అడగండని. “బానే ఉంది, మన వీధిలో ఎవర్ని అడుగుదాం?” అనేవారు తాతయ్యగారు వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసి. 1957 మోడలు గురించి ప్లిమత్ వాళ్ళు 1960 అప్పుడే వచ్చేసిందని గొప్పగా ప్రకటించారు. మూడేళ్ళు ముందుకి దూకిన ఆ పేజీ ఓడెక్కి, బంగళాలో నలిగి, కొట్టులో మాగి మా అరుగు మీదికి వచ్చేసరికి 1960 కాస్తా వెళ్ళిపోయింది. తాతయ్యగారు దాన్ని చదివి ఎంతసేపు నవ్వారో.

ఆయన దగ్గర అంతకంటే పాత పత్రికలు కూడా కొన్ని ఉండేవి, యుద్ధకాలం నాటివి. 1942 ఫిబ్రవరిలో అమెరికాలో మామూలు జనానికి కార్లు చేయడం పూర్తిగా ఆపేశారు. ఫ్యాక్టరీలన్నీ ట్యాంకులకీ విమానాల ఇంజన్లకీ తిరిగాయి. ప్రకటనలు మాత్రం ఆగలేదు. కారు బదులు ట్యాంకు వేసి, యుద్ధ బాండ్లు కొనమనీ, ఉన్న కారుని జాగ్రత్తగా వాడుకోమనీ, శాంతి వచ్చాక మంచి బండి ఇస్తామనీ రాసేవాళ్ళు. “కొట్లో సరుకు లేదు, అయినా రోజూ తలుపు తీసి, దీపం పెట్టి కూర్చున్నాడు షావుకారు. జనం పేరు మరిచిపోకుండా ఉండాలని” అని చెప్పేవారు తాతయ్యగారు.

ఒక ఏడాది కట్టలో ఒక వింత పేజీ దొరికింది. రంగు లేదు, మనుషుల్లేరు, పేజీ అంతా ఖాళీ, పైన ఒక మూల అరంగుళమంత చిన్న కారు. జర్మనీ బండి ఫోక్స్‌వాగన్‌ని అమెరికాలో అమ్మడానికి 1959లో న్యూయార్క్ ఏజెన్సీ డాయిల్ డేన్ బెర్న్‌బాక్ వాళ్ళు మొదలుపెట్టిన వరసలోది. బొమ్మ కూర్పు హెల్ముట్ క్రోన్‌ది, మాటలు జూలియన్ కోనిగ్‌వి. పెద్ద పెద్ద బండ్ల మధ్య, చిన్నగా ఆలోచించండని చెప్పిన ప్రకటన అది. పిల్లలందరం ఆ పేజీ కోసం కొట్టుకున్నాం, ఎందుకంటే పేరూ, తరగతీ, సెక్షనూ రాసుకోవడానికి అంత చోటు ఇంకే కారూ వదల్లేదు. బాబాయి మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. “డబ్బు పోసి కొన్న పేజీలో ఇంత ఖాళీ వదలడానికి గుండె కావాలి” అన్నాడు చివరికి. అదే కంపెనీది ఇంకో ప్రకటనలో తమ బండికే నాసిరకమని పేరు పెట్టుకున్నారు. చదువుతూ పోతే సంగతి ఇది: లోపలి చిన్న అర మీది క్రోమ్ పట్టీకి మచ్చ పడిందని తనిఖీవాడు ఆ బండిని ఓడెక్కనివ్వలేదట. తన వంకాయలో పుచ్చు తనే చూపించే వ్యాపారిని అంతవరకు చూడలేదని తాతయ్యగారు ఆ పేజీని మాకివ్వకుండా తన దగ్గరే ఉంచుకున్నారు.

ఏళ్ళు గడిచి, మా అమ్మాయి మిషిగన్‌లో కాపురం పెట్టాక, డెట్రాయిట్ పబ్లిక్ లైబ్రరీలో మోటారు బండ్ల చరిత్రకి ప్రత్యేకమైన సేకరణ ఉందని తెలిసి అల్లుడు తీసుకెళ్ళాడు. అక్కడ చూసినవాటిలో తాతయ్యగారు ఉంటే నాచేత రెండుసార్లు చదివించి ఉండేవారనిపించినవి రెండున్నాయి. ఒకటి 1915 జనవరిలో సాటర్డే ఈవినింగ్ పోస్ట్‌లో వచ్చిన కాడిలాక్ ప్రకటన, థియడోర్ మాక్మానస్ రాసింది. కొత్త ఎనిమిది సిలిండర్ల ఇంజను మీద పోటీదార్లు నోరుచేసుకుంటున్న సమయం. ఆయన ఒక్కరినీ తిట్టలేదు. ఇంజను ఊసెత్తలేదు, కారు బొమ్మ వేయలేదు. ముందు నడిచేవాడి మీద రాళ్ళు పడటం లోకసహజమని పేజీ నిండా రాసి ఊరుకున్నాడు. రెండోది 1923 నాటి జోర్డాన్ ప్లేబాయ్ కారుది. క్లీవ్‌లాండ్‌లో ఆ కంపెనీ పెట్టిన నెడ్ జోర్డాన్, వయోమింగ్ మీదుగా రైల్లో పోతుంటే, రైలు పక్కన గుర్రం దౌడు తీయిస్తున్న ఒక పిల్ల కనపడిందనీ, ఆ ఊపులోనే ప్రకటన రాశాడనీ చెబుతారు. అందులో ఆ పిల్లా, ఆ గాలీ, లారమీ ఊరికి పడమటన ఉన్న ఆ బయలూ తప్ప యంత్రం సంగతే లేదు. కంపెనీ 1931లో మూతపడింది. ప్రకటన రాసేవాళ్ళు మాత్రం దాన్ని ఇప్పటికీ చదువుతున్నారు.

ఆ రెండక్షరాల జంట గుట్టు కూడా అక్కడే విడింది. ఏ.ఎఫ్. అంటే ఆర్ట్ ఫిట్జ్‌పాట్రిక్, వి.కె. అంటే వాన్ కాఫ్‌మన్. 1959 నుంచి 1971 దాకా పోంటియాక్ బొమ్మలు వాళ్ళవే. కార్లు ఫిట్జ్‌పాట్రిక్ వేస్తే, అంతకుముందు డిస్నీలో పనిచేసి వచ్చిన కాఫ్‌మన్ మనుషుల్నీ ఊళ్ళనీ సముద్రాలనీ వేసేవాడు. అప్పటికి బాబాయి లేడు. ఊరికి ఫోను చేసి వాళ్ళబ్బాయికి చెబితే, అదేమంత వింత కాదన్నట్టు మాట్లాడాడు. షెడ్డులో పని అలాగే జరిగేదట. హీరో మొహం నాన్న రాసేవాడు, బట్టలూ వెనక కొండలూ కుర్రాళ్ళు పూర్తిచేసేవాళ్ళు, అక్షరాలకి ఇంకో ఆయన వచ్చేవాడు, మొత్తం ఒకరే రాసినట్టు కనపడాలి. ఆ సంధి ఎక్కడుంటుందో రోజూ దాచేవాడికి, ఇంకొకరు దాచిన సంధి కనపడటంలో ఆశ్చర్యం ఏముంది.

ఏడాదికో మోడలు తెచ్చి నిరుటిదాన్ని పాతదనిపించడం 1920ల నుంచి ఆల్‌ఫ్రెడ్ స్లోన్ జనరల్ మోటార్స్‌లో స్థిరపరచిన వ్యాపారం. ఈ బొమ్మలన్నీ దాని కోసం గీసినవే. నిరుడూ ఈ ఏడూ తేడా లేని మా వీధికి ఆ కంగారు అంటలేదు. ప్లిమత్ 2001లో ఆగిపోయింది, పోంటియాక్ 2010లో. ఎవరి కోసం గీశారో వాళ్ళకి ఆ పేజీలు కార్లు అమ్మిపెట్టాయి. మాకు అమ్మగలిగింది ఏమీ లేదు గనక, గీసినవాడి పనితనమూ రాసినవాడి మాటా, కారు తీసేయగా మిగిలినదంతా, మా వంతుకే వచ్చింది.