కోరపన్ను చెప్పే సగం మాట

ముందు పళ్ళు అయిపోయి దవడపళ్ళు మొదలయ్యే మలుపులో కోరపళ్ళుంటాయి. మనిషి బతికున్నన్నాళ్ళూ వాటినెవరూ పట్టించుకోరు. చచ్చి, కాలి, కుళ్ళి, ముఖం పోయి, గుడ్డలు పోయి, పేరు కూడా పోయాక అవి మా దగ్గరికొస్తాయి. తెచ్చినవాళ్ళు మొట్టమొదట అడిగేది ఒక్కటే. ఆడా, మగా?

నేను పళ్ళ డాక్టర్ని. నోటి ఎక్స్‌రేలు చదవడం నా బతుకుతెరువు. రోజంతా పుచ్చిపోయిన పళ్ళు, ఎదురు తిరిగిన జ్ఞానదంతాలు చూస్తూ ఉంటాను. ఎప్పుడో ఒకసారి పోలీసులు ఒక సంచిలో దవడ ఎముక పట్టుకొస్తారు. పెద్దవాళ్ళ అస్థిపంజరం నిండుగా దొరికితే మా దాకా రానక్కర్లేదు. కటి ఎముక చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. అది దొరకనప్పుడో, చిన్నపిల్లల ఎముకలైనప్పుడో మా పన్ను గుర్తొస్తుంది. ఈడు రాని పిల్లల ఎముకల్లో ఆడామగా తేడా తేలదు. పన్ను సంగతి వేరు. శాశ్వత కోరపన్ను చిగురు కింద దాక్కుని ఆరేడేళ్ళకే తన పైభాగం మొత్తం కట్టేసుకుంటుంది. ఆ తర్వాత దాని వెడల్పు పెరగదు. బయటికి రాని ఆ పన్నును దవడ పగలగొట్టకుండా చూడాలంటే ఎక్స్‌రే ఒక్కటే దారి.

చూసి ఏం చెబుతాం? మగవాళ్ళ కింది కోరపన్ను ఆడవాళ్ళ దానికంటే కాస్త వెడల్పు. కాస్త అంటే ఎంతనుకున్నారు? సగటున అర మిల్లీమీటరుకు అటూ ఇటూ. ఓపీజీ అనే ఎక్స్‌రే దవడనంతా ఒకే పటంలో పరిచి చూపిస్తుంది గానీ, ఉన్నదానికంటే పెద్దది చేసి చూపిస్తుంది, అదీ ఒక్కోచోట ఒక్కో లెక్కన. దాని మీద స్కేలు పెట్టి అర మిల్లీమీటరు గురించి తీర్పు చెప్పడం సాహసమే. కోన్ బీమ్ సీటీ వచ్చాక పన్నును ఏ వైపు నుంచైనా, ఘనపరిమాణంతో సహా కొలవగలుగుతున్నాం. కొలత బాగుపడింది. కానీ మనుషులు మారలేదు కదా! వెయ్యిమంది మగవాళ్ళ పళ్ళనూ వెయ్యిమంది ఆడవాళ్ళ పళ్ళనూ వెడల్పు ప్రకారం వరసలో పెడితే ఆ చివర కొన్ని, ఈ చివర కొన్ని విడిగా ఉంటాయి. మధ్యలో రెండు గుంపులూ కలిసిపోతాయి. ఆ కలిసిన చోట పన్ను నోరు విప్పదు.

1989లో మన దేశపు పరిశోధకులే ఒక సూత్రం చెప్పారు. కింది కోరపన్ను వెడల్పును రెండు కోరపళ్ళ మధ్య దూరంతో భాగించాలి. 0.274 దాటితే మగ, తగ్గితే ఆడ. మా విద్యార్థులు దీన్ని ఎక్కంలా అప్పజెబుతారు. నూటికి ఎనభైకి పైగా సరిపోతుందని మొదట్లో లెక్క తేలింది. 2009లో నేపాలీల పళ్ళ మీద చేసిన పని మాత్రం ఆ సూత్రానికి అంత బలం లేదని తేల్చింది. మగవాళ్ళ పన్నూ పెద్దదే, పళ్ళ మధ్య దూరమూ పెద్దదే. భాగించేసరికి అసలు తేడాయే కొట్టుకుపోతుంది. ఒక ప్రాంతం జనం మీద కట్టిన గీత ఇంకో ప్రాంతం జనం మీద సరిగ్గా పడదు కూడా.

గీతకు ఇటా అటా అని తేలకపోవడం నాకు కొత్త కాదు. మేం దూదేకులవాళ్ళం. ఇంట్లో తెలుగే. పేరు విన్నవాళ్ళు 'మీరు సాయిబులా, తెలుగు ఇంత బాగా మాట్లాడుతున్నారే' అంటారు. ఉర్దూ రాదని తెలిసిన సాయిబులు 'అయితే మీరు పూర్తిగా మావాళ్ళు కాదు' అన్నట్టు చూస్తారు. నన్ను కొలిచినవాళ్ళందరి దగ్గరా ఒక గీత ఉంది. నేనెప్పుడూ దానికి దగ్గర్లోనే పడ్డాను.

మా అవ్వ మా ఊళ్ళో ఆడవాళ్ళ మయ్యత్‌కు గుసుల్ చేయించేది. ఆడమనిషిని ఆడవాళ్ళే కడగాలి, మగవాణ్ణి మగవాళ్ళే. కఫన్ మగవాడికి మూడు గుడ్డలు, ఆడదానికి అయిదు. పసిబిడ్డలైతే జనాజా నమాజులో చదివే దువాలో కూడా మగపిల్లాడికో మాట, ఆడపిల్లకో మాట. నేను పళ్ళతో ఆడామగా చెప్పే చదువు చదువుతున్నానంటే అవ్వ నవ్వలేదు. "మంచి చదువే పాపా, కడిగేవాళ్ళను పిలవాలంటే ముందు అదే గదా తెలియాల్సింది" అంది. మా ప్రొఫెసర్లు ఎవరూ ఈ శాస్త్రం ఎందుకు కావాలో ఇంత సూటిగా చెప్పలేదు.

పళ్ళతో శవాన్ని పోల్చుకోవడం పాత విద్యే. 1897లో పారిస్‌లో ధర్మకార్యం కోసం పెట్టిన ఒక సంతలో మంటలు లేచి 126 మంది చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. కొందర్ని వాళ్ళ పళ్ళ డాక్టర్లు పాత రికార్డులు చూసి గుర్తుపట్టారు. అక్కడ రికార్డులున్నాయి. మన దగ్గర? 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగుళూరు నుంచి హైదరాబాదు వస్తున్న బస్సు తగలబడి 45 మంది బూడిదయ్యారు. ఎవరి దేహం ఎవరిదో చెప్పడానికి డీఎన్ఏ పరీక్షే దిక్కయింది. చార్టులో రాయించుకున్న పళ్ళు మన జనంలో ఎంతమందికి ఉంటాయి? రికార్డు లేనివాడి పన్ను పేరు చెప్పదు. ఆడో మగో, వయసెంతో, అంతవరకే.

కానీ అడిగేవాళ్ళు అంతటితో ఆగరు. "హిందువా, ముస్లిమా మేడమ్?" అని ఒక కానిస్టేబుల్ నన్నే అడిగాడు. దిక్కులేని మగశవం దొరికితే పంచనామాలో సున్తీ ఉందో లేదో చూసి రాసుకోవడం మామూలే. కాలిన శవానికి అదీ ఉండదు. ఆడదాని శవానికైతే మొదటి నుంచీ ఏ గుర్తూ లేదు. పాతిపెట్టాలో కాల్చాలో మున్సిపాలిటీ వాళ్ళ ఇష్టం.

కొన్నేళ్ళ క్రితం పాడుబడ్డ బావిలో పూడిక తీస్తుంటే ఒక పిల్ల ప్రాణి ఎముకలు బయటపడ్డాయి. కింది దవడ నా ముందుకొచ్చింది. కోరపన్ను ఇంకా ఎముకలోనే ఉంది. పైభాగం పూర్తయి, వేరు దిగుతోంది. ఏడెనిమిదేళ్ళుండొచ్చు. ఆ మాట కూడా తూచి చెప్పాల్సిందే, ఎందుకంటే ఆడపిల్లల పళ్ళు మగపిల్లల కంటే ముందు తయారవుతాయి. వయసు కచ్చితంగా చెప్పాలంటే ఆడామగా తెలియాలి. అదే కదా తెలియనిది!

ఆ చుట్టుపక్కల రెండు కుటుంబాల్లో ఆ ఈడు పిల్లలు తప్పిపోయి ఉన్నారు. ఒకరికి కొడుకు, ఒకరికి కూతురు. కూతురు పోయినాయన ముస్లిమే, ఇటుకల బట్టీలో పని. నా పేరు విని వరండాలో కాపు కాశాడు.

"మేడమ్, మీరు మనోళ్ళే అంట గదా. మగపిల్లోడిదని రాయండి మేడమ్. ఒక్క మాట. మా ఆడమనిషి ఇంటికాడ అన్నం ముట్టలేదు."

నేను మగ అని రాస్తే ఆయన కూతురు ఎక్కడో బతికే ఉంటుంది. ఆడ అని రాస్తే ఆ రెండో ఇంట్లో కొడుకు బతుకుతాడు. ఆ పన్ను 6.9 మిల్లీమీటర్లు. మగవాళ్ళ సగటుకూ ఆడవాళ్ళ సగటుకూ సరిగ్గా నడుమ. మూడు రోజులు, మూడుసార్లు కొలిచాను. అదే అంకె.

ఆ తండ్రి వెళ్ళాక ఎస్సై వచ్చి, "ఏమంటున్నాడు మీవాడు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నా స్థానంలో ఇంకే పేరున్న డాక్టరున్నా ఆ ప్రశ్న వచ్చేదా? వచ్చేది కాదు. తండ్రికి నేను మనోళ్ళు, ఎస్సైకి నేను మీవాళ్ళు. అంకెకు మాత్రం ఈ గొడవ లేదు. కొలత రాశాను. ఈ పన్ను ఆధారంగా లింగం నిర్ధారించడం సాధ్యం కాదు అని రాశాను. కింద సంతకం పెట్టాను.

"డాక్టరు గారూ, ఏదో ఒకటి రాయొచ్చు కదా, ఫైలు కదులుతుంది" అన్నాడు ఎస్సై. రాయనన్నాను.

దవడపన్ను ఒకటి తీసి డీఎన్ఏకు పంపారు. ఇద్దరు తల్లుల నుంచీ రక్తం తీసుకున్నారు. డీఎన్ఏలో కూడా ఆడామగా చెప్పడానికి ముందు చూసేది పంటి పింగాణీకి సంబంధించిన జన్యువునే, అమెలోజెనిన్. ఎక్స్ క్రోమోజోము మీద ఒక పొడవు, వై మీద ఇంకో పొడవు. అది తిరుగులేనిదనుకున్నాం చాలాకాలం. 2002లో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు 270 మంది భారతీయ మగవాళ్ళను పరీక్షిస్తే అయిదుగురిలో వై మీది ఆ ముక్క లేనేలేదు. యంత్రం వాళ్ళను ఆడవాళ్ళంటుంది. వాళ్ళు నిక్షేపంగా మగవాళ్ళే. అందుకే ఇప్పుడు ఆ ఒక్క గుర్తునే నమ్మకుండా వై మీది మరికొన్ని గుర్తులూ చూస్తారు. ఈ కేసులో తల్లుల రక్తంతో పోలిక కూడా ఉంది.

ఫలితం పోలీసులకు వెళ్ళింది, నాకు రాలేదు. రెండు నెలల తర్వాత ఆ తండ్రే ఫోన్ చేశాడు. ఊరి ఖబరస్తాన్‌లో జాగా ఇచ్చారని చెప్పాడు. గోతి తవ్వడానికి ఆ రెండో ఇంటాయన కూడా వచ్చాడట.

"ఇమామ్ సాబ్ ఆడపిల్ల దువానే చదివినాడు మేడమ్" అన్నాడు.